ఒకే పేరు, పదుల ఊళ్లు: ఇంగ్లండ్ ఊరి పేర్ల చిక్కుముడి

ఇంగ్లండ్ మ్యాప్‌లో సటన్ అనే ఊరి కోసం వెతికితే ఒక్కటి కాదు, చాలా దొరుకుతాయి. లండన్‌లో దక్షిణం వైపు ఒక సటన్ ఉంది. ఇప్పుడు బర్మింగ్‌హామ్ నగరంలో భాగమైన సటన్ కోల్డ్‌ఫీల్డ్ ఉంది. నాటింగ్‌హామ్‌షైర్‌లో సటన్-ఇన్-ఆష్‌ఫీల్డ్, సటన్ బోనింగ్టన్ ఉన్నాయి. సఫోక్‌లో 1939లో మట్టిదిబ్బ కింద ఓడ, బంగారం బయటపడ్డ చోటు పేరు సటన్ హూ. చిన్న పల్లెలు కూడా కలుపుకుంటే ఈ పేరు పదుల చోట్ల తేలుతుంది. న్యూటన్, నార్టన్, వెస్టన్, స్టోక్, బర్టన్, థార్ప్, స్ట్రాట్‌ఫర్డ్‌లదీ ఇదే కథ. అంత చిన్న దేశంలో ఇన్ని ఊళ్లకి ఒకే పేరు ఎలా వచ్చింది? ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నారా? పేరు ఒకటే అయితే అర్థమూ ఒకటేనా?

మన కొత్తపల్లులు, కొత్తపేటలు చూసినవాళ్లకి మొదటి ప్రశ్నకి జవాబు సగం తెలిసే ఉంటుంది. ఆ ఊళ్లకి ఎవరూ ఆలోచించి పేరు పెట్టలేదు. చుట్టుపక్కల జనం ఒక చోటు గురించి చెప్పుకోవడానికి వాడిన మాటే మెల్లగా పేరైంది. వెయ్యీ పన్నెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ రైతుకి రోజువారీ లోకం అంటే నడిచి సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరం. ఆ దూరంలో ఒక్క సటన్ ఉంటే చాలు, ఎవరూ తికమకపడరు. యాభై మైళ్ల అవతల ఇంకో సటన్ ఉందన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

అర్థం గురించిన చివరి ప్రశ్న అంత సులువు కాదు. ఒకే పేరున్న ఊళ్లు మూడు రకాలుగా పుట్టాయి. కొన్ని చోట్ల నిజంగానే ఒకే మాట, ఒకే అర్థం, ఎవరికి వారు పెట్టుకున్నది. కొన్ని చోట్ల వేర్వేరు మాటలు వందల ఏళ్ల వాడుకలో అరిగిపోయి ఒకే స్పెల్లింగ్‌లోకి వచ్చి పడ్డాయి. ఇంకొన్ని కావాలని ఎత్తుకెళ్లిన పేర్లు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే ఊరి పేర్ల గురించి బోలెడన్ని తప్పుడు కథలు పుట్టుకొస్తున్నాయి.

దేనికి దక్షిణం?

ముందు ఆ చివర్లో ఉన్న 'టన్' సంగతి చూద్దాం. 5వ శతాబ్దం నుంచి ఉత్తర సముద్రం దాటి వచ్చి స్థిరపడిన ఆంగ్లో-సాక్సన్ల భాషని పాత ఇంగ్లిష్ అంటారు. అందులో 'టూన్' అంటే మొదట్లో కంచె వేసుకున్న చోటు. తర్వాత పొలం, ఇల్లు కలిసిన కమతం. ఆ తర్వాత పల్లె, ఎస్టేటు. ఇప్పటి 'టౌన్' కూడా ఆ మాట నుంచి వచ్చిందే. దక్షిణపు టూన్ సటన్ అయింది, ఉత్తరపుది నార్టన్, పడమటిది వెస్టన్. తూర్పుది చాలా చోట్ల ఆస్టన్, కొన్ని చోట్ల ఈస్టన్. మధ్యది మిడిల్టన్, లేదంటే అరిగిపోయి మిల్టన్.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. ఒక ఊళ్లో ఉండేవాడికి తన ఊరు ఎప్పుడూ దక్షిణాన ఉండదు. అన్ని దిక్కులూ తన గుమ్మం నుంచే మొదలవుతాయి. కాబట్టి సటన్ అన్న పేరు సటన్ వాళ్లు పెట్టింది కాదు. దానికి ఉత్తరాన ఉన్న ఏదో ముఖ్యమైన చోటు, రాజుగారి ఎస్టేటో, పెద్ద మఠమో, అక్కడి నుంచి చూసిన చూపు అది. పెద్ద ఎస్టేటుని నడిపేవాళ్లు తమ కింద ఉన్న కమతాలని "ఉత్తరపుది, పడమటిది, కొత్తది" అంటూ వేరు చేసుకునేవారు. అందుకే నార్టన్, సటన్ అని కనిపించినప్పుడు పండితులు వెంటనే పక్కనున్న పెద్ద ఊరి కోసం వెతుకుతారు. ఈ పేర్లు ఒక్కో ఊరి గురించి చెప్పేది తక్కువ. కానీ ఒకప్పుడు ఏ ఊరు ఏ ఊరి కింద ఉండేదో, ఆ పాత పాలన గీతలు ఎక్కడ ఉండేవో చాలా చోట్ల పట్టిస్తాయి. నాకు మాత్రం ఈ దిక్కుల పేర్లే అన్నిటికంటే విలువైనవిగా అనిపిస్తాయి. చూడ్డానికి ఎంత మామూలుగా ఉంటాయో అంత చరిత్ర దాచుకున్నాయి.

న్యూటన్ అంటే కొత్త టూన్. 1086లో రాసిన డూమ్స్‌డే బుక్ అనే భూముల లెక్క నాటికే ఆ పేరుతో ఊళ్లున్నాయి, అంటే వాటి 'కొత్తదనం' వయసు తొమ్మిది వందల ఏళ్లు దాటింది. కింగ్‌స్టన్ అంటే రాజుగారి ఎస్టేటు. ఇందులోనూ కాలం తేడా చూడాలి. థేమ్స్ ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్ పేరు 838 నాటి రాతలోనే ఉంది. హల్ నది ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్‌ని, అదే ఈనాటి హల్ నగరాన్ని, మొదటి ఎడ్వర్డ్ రాజు 1293లో సన్యాసుల దగ్గర్నుంచి తీసుకున్నాక గానీ ఆ పేరు రాలేదు. అర్థం ఒకటే, మధ్యలో నాలుగున్నర శతాబ్దాలు.

ప్రెస్టన్ పూజారుల టూన్. చార్ల్‌టన్ అంటే 'చెయోర్ల్' అనే స్వతంత్ర రైతుల టూన్. దేశమంతా రైతులే ఉన్నప్పుడు రైతుల ఊరు అని ప్రత్యేకంగా చెప్పడం ఎందుకు అనిపిస్తుంది. చుట్టూ ఉన్న భూమి దొరలదో, మఠాలదో అయినప్పుడు రైతుల చేతిలో ఉన్న ఊరే విడిగా కనిపిస్తుంది. పక్క ఊళ్లో లేనిదే పేరులోకి ఎక్కుతుంది. యాష్ చెట్లు ఎక్కడ చూసినా ఉండే చోట ఒక ఊరిని ఆష్టన్ అంటే అది గుర్తుగా పనికిరాదు.

నేలని చూసి పెట్టిన పేర్లు

ఊరి పేర్లలో ఇంకో పెద్ద వర్గం కొండలు, లోయలు, రేవుల మీద పెట్టినవి. చాలాకాలం పాటు నిఘంటువులు వీటిని తేలిగ్గా తీసుకున్నాయి. పాత ఇంగ్లిష్‌లో కొండకి పది మాటలుంటే అన్నిటికీ "కొండ" అని రాసి వదిలేసేవారు. మార్గరెట్ గెల్లింగ్ అనే పరిశోధకురాలు, ఆమెతో కలిసి ఆన్ కోల్ అనే భౌగోళిక పరిశోధకురాలు ఈ పద్ధతిని మార్చారు. ఒకే మాటతో ముగిసే ఊళ్లన్నిటి నేలనీ పక్కపక్కన పెట్టి చూశారు. తేలిందేమిటంటే ఆ రైతులు మాటల్ని ఎంతో జాగ్రత్తగా వాడారు. పైన చదునుగా ఉండి ఊరు కట్టుకోడానికి వీలైన కొండ 'డూన్'. గుండ్రటి గుట్ట 'బెయోర్గ్'. మనిషి మడమలా ముందుకి పొడుచుకొచ్చిన కొండ అంచు 'హోహ్'. పొడుగ్గా వంపు తిరిగిన లోయ 'డెను'. మూడు వైపులా వాలుతో గిన్నెలా ఉండే పొట్టి లోయ 'కూంబ్'.

సటన్ హూలోని 'హూ' ఆ మడమ ఆకారపు నేలే. స్విండన్‌లోని 'డన్' చదును కొండ, స్విన్ అంటే పందులు, పందులు మేసే కొండ. మ్యాప్‌లు లేని కాలంలో దారి చెప్పేవాడు "ఆ కూంబ్ దాటి వెళ్లు" అంటే వినేవాడికి దాని ఆకారం కళ్లకి కట్టాలి. అలాంటి నేల ఉన్న ప్రతిచోటా అదే మాట పుట్టింది. కాబట్టి ఈ పేర్లు పది చోట్ల కనిపించడంలో వింతేమీ లేదు. ఒకే రకం నేలని ఒకే భాష మాట్లాడేవాళ్లు ఒకేలా పిలిచారు.

స్ట్రాట్‌ఫర్డ్ తీసుకోండి. 'ఫర్డ్' అంటే నదిని నడిచి దాటే రేవు. మొదటి సగం లాటిన్ 'స్ట్రాటా' నుంచి వచ్చింది, రాళ్లు పరిచిన బాట అని. ఇంగ్లండ్‌లో అలాంటి బాటలు వేసినవాళ్లు రోమన్లు, 5వ శతాబ్దం మొదట్లో వాళ్ల పాలన ముగిసినా బాటలు మిగిలాయి. రోమన్ బాట నదిని దాటే చోటల్లా ఒక స్ట్రాట్‌ఫర్డ్ పుట్టే అవకాశం ఉంది. ఏవన్ ఒడ్డున ఉన్నది షేక్‌స్పియర్ ఊరు. తూర్పు లండన్‌లో ఇంకోటి, 2012 ఒలింపిక్స్ జరిగిన చోటు. ఇక వాట్లింగ్ స్ట్రీట్ అనే పేరున్న పాత రోమన్ బాట మీద కొద్ది మైళ్ల దూరంలోనే రెండున్నాయి, అందుకే వాటిని వేరు చేయడానికి ఒకదాన్ని స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ అనీ, బురదనేలలో ఉన్నదాన్ని ఫెనీ స్ట్రాట్‌ఫర్డ్ అనీ అన్నారు. ఇవి రెండూ ఇప్పుడు మిల్టన్ కీన్స్ నగరంలో భాగం. ఒక రైతు ఎప్పుడో బాటనీ రేవునీ చూసి అన్న మాట, పురావస్తు శాఖ తవ్వకాలకి దారి చూపించేంత నమ్మకంగా నిలిచింది.

విక్కమ్ అన్న పేరు విషయంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1967లో గెల్లింగ్ చూపించిందేమిటంటే, 'వీక్', 'హామ్' కలిసి ఏర్పడిన ఈ పేరున్న చోట్లు చాలావరకు రోమన్ బాటల దగ్గరా, చిన్న రోమన్ ఊళ్ల దగ్గరా ఉన్నాయని. 'వీక్' అన్నది లాటిన్ 'వికుస్' నుంచి వచ్చిన మాట. అంటే కొత్తగా వచ్చినవాళ్లకి అక్కడ ఒక పాత రోమన్ ఊరు ఉందని తెలుసు, దాన్ని పేరులో పెట్టుకున్నారు. ఒకే పేరు ఎన్నో చోట్ల ఉండటం ఇక్కడ చిక్కు కాలేదు, అదే సాక్ష్యం అయింది. ఒక్క విక్కమ్ ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

నదుల పేర్లు ఇంకా పాతవి. ఏవన్ అనే నదులు ఇంగ్లండ్‌లో చాలా ఉన్నాయి. ఆంగ్లో-సాక్సన్ల కంటే ముందు అక్కడ ఉన్న బ్రిటన్ల భాషలో ఆ మాటకి అర్థం నది, నేటి వెల్ష్ భాషలో ఇప్పటికీ నదిని 'అవొన్' అంటారు. వచ్చినవాళ్లు ఆ సాధారణ మాటని పేరు అనుకున్నారు. లాంకషైర్‌లోని పెండల్ హిల్ మూడు పొరల మాట: బ్రిటన్ల 'పెన్' అంటే కొండ, దానికి పాత ఇంగ్లిష్ 'హిల్' తగిలింది, రెండూ కలిసి అరిగిపోయి అర్థం పోయాక మళ్లీ ఒక 'హిల్' చేరింది. ఒక్క కొండ మీద మూడు తరాల జనం తమ తమ మాటలు వదిలి వెళ్లారు.

స్పెల్లింగ్ ఒకటే, మాటలు మూడు

అసలు చిక్కు ఇక్కడుంది. బ్రౌటన్ అనే ఊళ్లు ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి. చూస్తే సటన్‌లాగే ఒకే అర్థం ఉంటుందని అనుకుంటాం. కానీ కొన్ని బ్రౌటన్‌లు వాగు పక్క టూన్‌లు, 'బ్రోక్' అంటే వాగు. కొన్ని కోటగోడ ఉన్న చోటి టూన్‌లు, 'బుర్హ్' అంటే కోట. ఇంకొన్ని గుట్ట దగ్గరి టూన్‌లు, ఇందాక చెప్పుకున్న 'బెయోర్గ్' నుంచి. మూడు మాటలూ వెయ్యేళ్లలో నోటికి అనుకూలంగా అరిగిపోయి ఒకే స్పెల్లింగ్‌లో కలిశాయి. హింటన్‌లు రెండు రకాలు: ఎత్తు మీది టూన్, మఠంలోని సన్యాసుల టూన్. ఈటన్‌లూ రెండు: నది పక్కది, నీళ్ల మధ్య మెరక నేల మీది. హామ్‌తో ముగిసేవాటిలోనూ రెండు మాటలున్నాయి, 'హామ్' అంటే నివాసం, 'హమ్' అంటే నది మెలికలో ఇరుక్కున్న నేల. బర్మింగ్‌హామ్ మొదటిది, బెయోర్మా అనే మనిషి జనం నివాసం. ఏవన్ నది మెలికలో ఉన్న ఈవ్‌షామ్ రెండోది.

హాంప్టన్‌లు చూస్తే ఈ గందరగోళం ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. నార్తాంప్టన్, సౌతాంప్టన్ జంట ఊళ్లలా వినిపిస్తాయి. మొదట రెండిటి పేరూ ఉత్త 'హామ్‌టూన్'. కానీ సౌతాంప్టన్‌లో ఉన్నది నది పక్కని 'హమ్' అనీ, నార్తాంప్టన్‌లో ఉన్నది నివాసం అనే 'హామ్' అనీ పండితుల మాట. రెండూ రాజ్యంలో ముఖ్యమైన ఊళ్లయ్యాక, ఒకదానికి దక్షిణం, రెండోదానికి ఉత్తరం తగిలించక తప్పలేదు. వుల్వర్‌హాంప్టన్ మూడో రకం, ఎత్తు మీది టూన్. దాని ముందున్న 'వుల్వర్' తోడేలు కాదు. 985లో ఎథెల్‌రెడ్ రాజు ఆ భూమిని ఇచ్చిన వుల్ఫ్రున్ అనే ఉన్నతవంశపు స్త్రీ పేరు అది. ఆడవాళ్ల పేరు ఒక పెద్ద నగరం పేరులో నిలవడం ఇంగ్లండ్‌లో అరుదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది వాల్టన్. చాలా వాల్టన్‌ల మొదటి సగం 'వల్హ్', అంటే పరాయివాడు. ఆంగ్లో-సాక్సన్లు తమకంటే ముందు నుంచీ అక్కడే బతుకుతున్న బ్రిటన్లని పిలిచిన మాట అది. 'వెల్ష్', 'వేల్స్' అన్నవీ దాని నుంచి వచ్చినవే. సొంత నేల మీద ఉన్నవాళ్లని వచ్చినవాళ్లు పరాయివాళ్లని పిలిచారు, ఆ పిలుపే ఊరి పేరై మిగిలింది. వాల్టన్-ఆన్-థేమ్స్, లాంకషైర్‌లోని వాల్టన్-లె-డేల్ ఈ రకం. కొత్త రాజ్యాలు వచ్చాక బ్రిటన్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు, అక్కడక్కడా తమ ఊళ్లలో, గుర్తుపట్టేంత వేరుగా ఉండిపోయారు అనడానికి ఈ పేర్లు ఆధారం. అయితే వాల్టన్ కనిపించిన ప్రతిచోటా ఇలా అనుకుంటే పొరపాటు. కంబ్రియాలో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గరున్న వాల్టన్‌లో ఉన్నది గోడే. ఇంకొన్నిటిలో ఉన్నది అడవి.

మరి ఏ వాల్టన్ ఏదో ఎలా తెలుస్తుంది? నేటి స్పెల్లింగ్ చూసి ఎప్పటికీ తెలియదు. వీలైనంత పాత రాతలు వెతకాలి. దానపత్రాలు, పన్ను లెక్కలు, అన్నిటికంటే ముఖ్యంగా డూమ్స్‌డే బుక్. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం రాజు, దేశంలో ఎవరి దగ్గర ఎంత భూమి, ఎన్ని నాగళ్లు ఉన్నాయో రాయించిన లెక్క అది. పాత రాతల్లో 'వల' అని రెండక్షరాలుగా ఉంటే అది బహువచనపు 'వల్హ్' అని తెలుస్తుంది, నేరుగా 'వాల్' అని ఉంటే గోడో అడవో కావచ్చు. ఆ తర్వాత నేలని చూడాలి. గోడ అంటున్న చోట గోడ ఉందా, వాగు అంటున్న చోట వాగు ఉందా అని. 1923లో మొదలైన ఇంగ్లిష్ ప్లేస్-నేమ్ సొసైటీ ఒక్కో కౌంటీగా, అంటే మన జిల్లా లాంటి భాగంగా, ఈ పని చేస్తూ వస్తోంది. ఈ రంగంలో దశాబ్దాల పాటు అందరూ ఆధారపడ్డ నిఘంటువుని 1936లో తెచ్చినవాడు ఐలర్ట్ ఎక్వాల్ అనే స్వీడన్ పండితుడు.

పాత రాతలని కూడా గుడ్డిగా నమ్మకూడదు. డూమ్స్‌డే లెక్కలు నార్మన్ పాలనలో, లాటిన్‌లో తయారయ్యాయి. ఫ్రెంచ్ అలవాటైన నోటికి కొన్ని ఇంగ్లిష్ శబ్దాలు పలకలేదు. నాటింగ్‌హామ్ అసలు పేరు స్నాటింగ్‌హామ్, 'స్నాట్' అనే నాయకుడి జనం నివాసం. ముందున్న 'స' నార్మన్ల కాలం తర్వాత రాలిపోయింది. యార్క్‌ది ఇంకో రకం మార్పు. రోమన్ల నాటి ఎబొరాకుమ్‌లో ఉన్నది యూ అనే చెట్టు అని పండితులు చెబుతారు. ఆంగ్లో-సాక్సన్లకి అర్థం తెలియక, తమ భాషలో అడవిపంది అనే 'ఎయొఫోర్'ని అందులో విన్నారు, ఎయొఫోర్‌విక్ అన్నారు. వైకింగులు దాన్ని యోర్విక్ చేశారు. అది కుదించుకుపోయి యార్క్. అర్థం తెలియని పేరులో మనకి తెలిసిన మాటని వెతుక్కోవడం మనిషి అలవాటు. స్థలపురాణాలన్నీ అక్కడే పుడతాయి.

దీనికి ఎదురు దారి కూడా ఉంది, ఒకే పేరు రెండుగా చీలడం. 9వ, 10వ శతాబ్దాల్లో వైకింగులు, అంటే డెన్మార్క్ నుంచి వచ్చిన డేనులు, నార్వే వాళ్లు, ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డారు. వాళ్ల భాష ఇంగ్లిష్‌కి దాయాది. ఇంగ్లిష్‌లో 'చ' పలికే చోట వాళ్లు 'క' పలికేవారు, 'ష' ఉన్నచోట 'స్క'. అందుకే లండన్‌లో ఉన్న చిజిక్, కంబ్రియాలో ఉన్న కెజిక్ రెండూ జున్ను తయారుచేసే కమతాలే. గొర్రెల కమతం దక్షిణాన షిప్టన్, యార్క్‌షైర్‌లో స్కిప్టన్. చార్ల్‌టన్ ఉత్తరాన కార్ల్‌టన్. ఇక వాళ్ల సొంత మాట 'బీ' అంటే పల్లె. డార్బీ, గ్రిమ్స్‌బీ, సెల్బీ, చర్చి ఉన్న పల్లె అనే అర్థంతో కర్క్‌బీ. ఇంగ్లండ్ మ్యాప్ మీద 'బీ'తో ముగిసే ఊళ్లన్నిటికీ చుక్కలు పెడితే డేనుల రాజ్యం హద్దు దాదాపు దానంతట అదే గీసుకుంటుంది.

ఒకే లెక్కలోకి వచ్చాక

ఊరి పేర్లు కలవడం సమస్యగా మారింది దేశం మొత్తాన్ని ఒకే చోట రాయాల్సి వచ్చినప్పుడు. కోర్టుకీ, పన్ను వసూలుకీ ఏ స్టోక్ అనేది తేలాలి. స్టోక్ అంటే పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే కమతం, కాబట్టి అవి లెక్కలేనన్ని. దాంతో తోకలు తగిలించడం మొదలైంది. ఎక్కువగా భూస్వామి ఇంటిపేరు: స్టోక్ మాండెవిల్, మెల్టన్ మోబ్రే, న్యూపోర్ట్ ప్యాగ్నెల్. ఆష్బీ-డి-లా-జూష్ వినడానికి ఫ్రెంచ్ పట్నంలా ఉంటుంది. నిజానికి అది యాష్ చెట్ల పల్లె అనే డేనుల మాటకి, బ్రిటనీ నుంచి వచ్చిన లా జూష్ కుటుంబం పేరు అతికిన ఊరు. మిల్టన్ కీన్స్ కూడా ఇలాంటిదే. నార్మండీ నుంచి వచ్చిన డి కాహేన్ కుటుంబపు 'మధ్య టూన్', ఒక చిన్న పల్లె. 1967లో అక్కడ కొత్త నగరం కట్టాలని నిర్ణయించినప్పుడు ఆ పల్లె పేరే నగరానికి ఇచ్చారు.

కొన్నిటికి సంత పేరు తోకగా, లేదా ముందుమాటగా వచ్చింది. చిపింగ్ నార్టన్‌లో 'చిపింగ్' అంటే సంత. కొన్నిటికి నది పేరు. కొన్నిటికి గుమాస్తాల లాటిన్. డోర్సెట్‌లో పక్కపక్కనే ఉన్న రెండు టోలర్‌లలో ఒకటి టోలర్ ఫ్రాట్రమ్, అంటే మఠం సోదరులది. రెండోది టోలర్ పోర్కోరమ్, పందులది. పెద్ద, చిన్న అని చెప్పడానికి మాగ్నా, పార్వా అన్నారు. లెస్టర్‌షైర్‌లో విగ్‌స్టన్ మాగ్నా, విగ్‌స్టన్ పార్వా అని రెండున్నాయి. వింటే ఒకే ఊరు రెండుగా విడిపోయిందని అనిపిస్తుంది. పాత రాతలు చూస్తే పెద్దది వికింగ్ అనే పేరున్న మనిషి టూన్, చిన్నదాని చివర్లో టూన్ లేనే లేదు, ఉన్నది 'స్టాన్', రాయి. రెండు వేరే పేర్లు అరిగి ఒకటైతే, గుమాస్తా వాటిని అన్నదమ్ముల్ని చేశాడు.

19వ శతాబ్దంలో రైల్వే టైమ్‌టేబుళ్లు వచ్చాక న్యూటన్-లె-విల్లోస్, ఆష్టన్-అండర్-లైన్ లాంటి పొడుగు పేర్లు ఇంకా అవసరమయ్యాయి. 1959లో నారిచ్‌లో ప్రయోగంగా మొదలై 1974కి దేశమంతా పూర్తయిన పోస్ట్‌కోడ్‌లు ఆ భారాన్ని పేర్ల మీద నుంచి దించాయి.

సముద్రం దాటాక

మూడో రకం, ఎత్తుకెళ్లిన పేర్లు. వీటిలో ప్లిమత్ కథ ముడుల మీద ముడి. ఇంగ్లండ్ నైరుతి మూల ఉన్న ఆ రేవు మొదటి పేరు సటన్! డూమ్స్‌డే బుక్‌లో అలాగే ఉంది, అక్కడి పాత హార్బర్‌ని ఇప్పటికీ సటన్ హార్బర్ అంటారు. పక్కనే ప్లింప్టన్ అనే ఊరుంది, 'ప్లూమె' లేదా 'ప్లీమె' అనే ప్లమ్ చెట్టు ఉన్న టూన్. కాలం గడిచాక జనం ఆ పేరుని తలకిందులుగా చదివారు, ప్లింప్టన్ అంటే ప్లిమ్ నది మీది ఊరు కాబోలు అనుకుని, అప్పటిదాకా ఆ పేరు లేని నదికి ప్లిమ్ అని పెట్టారు. ఆ నది ముఖద్వారంలో ఉన్న రేవు ప్లిమత్ అయింది. కేంబ్రిడ్జ్‌లో జరిగింది కూడా ఇదే. అక్కడి నది అసలు పేరు గ్రాంటా, ఊరి పేరు అరిగి కేంబ్రిడ్జ్ అయ్యాక నదికి కామ్ అన్న పేరు వచ్చింది.

1616లో జాన్ స్మిత్ అనే నావికుడు అమెరికా ఈశాన్య తీరం మ్యాప్ అచ్చువేసినప్పుడు, యువరాజు చార్లెస్ దాని మీదున్న స్థానిక పేర్లు తీసేసి ఇంగ్లండ్ ఊళ్ల పేర్లు పెట్టాడు. అందులో ఒకటి ప్లిమత్. నాలుగేళ్ల తర్వాత మేఫ్లవర్ ఓడలో వలసదారులు బయల్దేరింది ఇంగ్లండ్ ప్లిమత్ నుంచే, చివరికి దిగి ఊరు కట్టుకున్నది మ్యాప్ మీద ప్లిమత్ అని ఉన్న చోటే. అక్కడ అంతకుముందు వాంపనోగ్ ప్రజల పటుక్సెట్ అనే ఊరుండేది. యూరప్ వాళ్ల రాకపోకలతో వచ్చిన అంటురోగం 1616 నుంచి 1619 మధ్య ఆ ఊరిని ఖాళీ చేసింది. పేరు మార్చడానికి ఒక రాకుమారుడికి ఒక మ్యాప్ చాలింది. ఈ ప్లిమత్‌లో ప్లిమ్ నది లేదు, ప్లమ్ చెట్టు కథ లేదు. అక్కడి నేల గురించి చెప్పే పేరు పటుక్సెట్‌తోనే పోయింది.

రిచ్‌మండ్ అయితే మూడుసార్లు ప్రయాణం చేసింది. ఫ్రెంచ్‌లో 'బలమైన కొండ' అనే అర్థమున్న రిష్‌మాంట్ పేరుని నార్మన్లు యార్క్‌షైర్‌లో కొండ మీది తమ కోటకి తెచ్చారు. రాజు కాకముందు రిచ్‌మండ్ ప్రభువుగా ఉన్న ఏడవ హెన్రీ, 1501 ప్రాంతంలో లండన్ దగ్గర షీన్ అనే చోట కాలిపోయిన తన రాజభవనాన్ని మళ్లీ కట్టించి రిచ్‌మండ్ అని పేరు మార్చాడు. 1737లో విలియం బర్డ్ అనే వర్జీనియా భూస్వామికి జేమ్స్ నది వంపు చూస్తే థేమ్స్ మీది రిచ్‌మండ్ గుర్తొచ్చింది, అక్కడి ఊరికీ అదే పేరు. ఓరెగాన్‌లోని పోర్ట్‌లండ్‌కి ఆ పోలిక కూడా అక్కర్లేకపోయింది. 1845లో ఇద్దరు స్థలం యజమానుల్లో ఒకరు తన సొంత రాష్ట్రమైన మసాచుసెట్స్ గుర్తుగా బాస్టన్ అన్నారు, ఇంకొకరు తన సొంతదైన మెయిన్ రాష్ట్రం గుర్తుగా పోర్ట్‌లండ్ అన్నారు. నాణెం ఎగరేసి తేల్చుకున్నారు.

మన మదనపల్లె దగ్గర కూడా ఇలాంటి పేరు ఒకటుంది. స్థానికులకి అది ఏనుగు మల్లమ్మ కొండ, ఏనుగులు పెంచిన అమ్మాయి కథతో వచ్చిన పేరు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకోవడంతో హార్స్‌లీ హిల్స్ అయింది. హార్స్‌లీ అన్న ఇంటిపేరు మొదట ఊరి పేరు. సర్రే, డార్బీషైర్, గ్లోస్టర్‌షైర్‌లలో ఆ పేరున్న ఊళ్లున్నాయి, 'హోర్స్' అంటే గుర్రం, 'లేయహ్' అంటే అడవిలో చెట్లు లేని బయలు. గుర్రాలు మేసే బయలు అన్న రైతుల మాట ఊరికి, ఊరి నుంచి ఒక ఇంటికి, ఆ ఇంటి మనిషితో రాయలసీమ కొండకి చేరింది.

ఉద్యోగాలతో ఇంగ్లండ్ వెళ్లిన తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించే ఊళ్లలో రెడింగ్ అంటే 'రేడా' అనే మనిషి జనం ఉన్న చోటు, స్లౌ అంటే బురదనేల. మీరున్న ఊరి పేరుకి అర్థం తెలుసుకోవాలనుంటే నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఊరి పేర్ల వివరాలని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అక్కడ చూసేటప్పుడు పక్క కౌంటీలో అదే పేరున్న ఊరి వివరం కూడా తెరవండి. రెండిటి మూలమాటలూ వేరుగా కనిపించే అవకాశం బాగానే ఉంది.